పగ్గం ఎవరి చేతిలో ఉంది? గెలుపోటముల మీద మనిషి నమ్మకాన్ని కొలిచే ప్రశ్నల కథ

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఇళ్లలో మాటలు కాస్త చెవిపెట్టి వినాలి. "మావాడికి మంచి మార్కులొచ్చాయి" అని ఒకరంటారు. "మావాడు మంచి మార్కులు తెచ్చుకున్నాడు" అని ఇంకొకరంటారు. తగ్గినచోట "మార్కులు సరిగ్గా పడలేదు" అంటారు, "పేపరు టఫ్‌గా ఇచ్చారు" అంటారు, "దిద్దినవాళ్లు సరిగ్గా దిద్దలేదు" అంటారు, "మా ఖర్మ" అంటారు. "చదవలేదు, అందుకే పోయింది" అనే మాట కూడా వినిపిస్తుంది కానీ తక్కువ. "వచ్చాయి" అంటే మార్కులు వాటంతటవే నడిచొచ్చినట్టు. "తెచ్చుకున్నాడు" అంటే తెచ్చినవాడు ఎదురుగా కనిపిస్తాడు. "పడలేదు" అంటే వేసేవాళ్లెవరో తెర వెనక ఉన్నారు.

ఈ మాటల్ని బట్టి ఆ ఇంటివాళ్ల నమ్మకం తేల్చేయొచ్చా? తేల్చలేం. తెలుగులో జ్వరమూ వస్తుంది, కోపమూ వస్తుంది, ఉద్యోగమూ వస్తుంది. రాత్రింబవళ్లు కష్టపడి చదివినవాడు కూడా "నాకు సీటు వచ్చింది" అనే అంటాడు. అది భాష అలవాటు. కానీ ఆ అలవాటు కింద నిజంగానే ఒక నమ్మకం ఉంటుంది: జీవితంలో తనకు జరిగే మంచిచెడ్డల్లో తన చేతుల్లో ఉన్నది ఎంత, తన చేతుల్లో లేనిది ఎంత అని ప్రతి మనిషికీ ఒక అంచనా ఉంటుంది. ఆ అంచనాను అంకెల్లోకి తెచ్చే పని అరవై డెబ్భై ఏళ్లుగా సాగుతోంది. మానసిక శాస్త్రంలో దాని పేరు లోకస్ ఆఫ్ కంట్రోల్. ఫలితం తన ప్రయత్నం మీద ఆధారపడుతుందని నమ్మేవారిది లోపలి మొగ్గు. అదృష్టం, విధి, పెద్దవాళ్ల దయ వంటి వాటి మీద ఆధారపడుతుందని నమ్మేవారిది బయటి మొగ్గు.

ఈ ఆలోచనకు రూపమిచ్చినవాడు అమెరికన్ మానసిక శాస్త్రవేత్త జూలియన్ రాటర్. 1916లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో అతని తండ్రి వ్యాపారం కుప్పకూలింది. చుట్టూ ఉన్న పరిస్థితులు మనిషిని ఎలా మారుస్తాయో ఇంట్లోనే చూశాడు. మనసు మీద ఆసక్తి ఉన్నా, అందులో బతుకుతెరువు కష్టమని కాలేజీలో కెమిస్ట్రీ చదివి, తర్వాత మానసిక శాస్త్రంలోకి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ 1954లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చాడు. అందులోని ప్రధాన సూత్రం చాలా సూటిగా ఉంటుంది. మనిషి ఒక పని చేస్తాడా లేదా అన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ఈ పని చేస్తే ఫలితం వస్తుందన్న నమ్మకం ఎంత, ఆ ఫలితానికి అతను ఇచ్చే విలువ ఎంత. ఈ రెండో మాటను తర్వాత చాలామంది వదిలేశారు. కష్టపడితే మార్కులొస్తాయని గట్టిగా నమ్మే పిల్లవాడు కూడా ఆ మార్కులంటే పెద్దగా పట్టింపు లేకపోతే పుస్తకం తియ్యడు. అక్కడ నమ్మకంలో లోపమేమీ లేదు.

కొలత పుట్టడానికి కారణం మాత్రం ఒక రోగి. రాటర్ దగ్గర శిక్షణ పొందుతున్న జెర్రీ ఫేర్స్ అనే యువ మానసిక వైద్యుడు ఒక యువకుడికి చికిత్స చేస్తున్నాడు. పరిశోధన గ్రంథాల్లో ఆ యువకుణ్ని కార్ల్ ఎస్. అనే మారుపేరుతో ప్రస్తావిస్తారు. నలుగురిలో కలవలేడు, ఉద్యోగం వెతుక్కోలేడు. ఎలా మాట్లాడాలో, ఎలా ప్రయత్నించాలో ఫేర్స్ నేర్పించాడు. కార్ల్ ప్రయత్నించాడు, పనులు అయ్యాయి కూడా. మామూలుగా అయితే ఒకసారి పని అయితే రెండోసారి ధైర్యం పెరగాలి. కార్ల్‌కు పెరగలేదు. ఏదో అదృష్టం కొద్దీ అలా జరిగింది, మళ్లీ జరుగుతుందని నమ్మకమేమిటి అన్నాడు. అప్పటిదాకా ఉన్న సిద్ధాంతం ప్రకారం బహుమతి దొరికిన ప్రవర్తన బలపడాలి. ఇక్కడ బహుమతి దొరికింది, బలం రాలేదు. మధ్యలో ఏదో ఒకటి అడ్డుపడుతోంది. ఆ గెలుపు తనదేనని అతను అనుకోకపోవడమే ఆ అడ్డు.

దీన్ని ఫేర్స్ ప్రయోగంతో పరీక్షించి 1957లో ప్రచురించాడు. అందరికీ ఒకే రకం పని ఇచ్చాడు. సగం మందికి ఇది నైపుణ్యంతో చేసే పని అన్నాడు, మిగతా సగానికి ఇది కేవలం అదృష్టం అన్నాడు. ఒప్పు, తప్పు అని చెప్పే వరుస మాత్రం రెండు గుంపులకూ ఒకటే. ప్రతిసారీ ముందుగా, ఈసారి ఒప్పవుతుందని ఎన్ని బిళ్లలు పందెం కాస్తావని అడిగాడు. నైపుణ్యం అని విన్నవాళ్లు ఒప్పయినప్పుడు పందెం బాగా పెంచారు, తప్పయినప్పుడు బాగా తగ్గించారు. అదృష్టం అని విన్నవాళ్ల పందెం అంతగా కదల్లేదు. పైగా వాళ్లలో కొందరు ఓడిన వెంటనే పందెం పెంచారు. "ఇన్నిసార్లు పోయింది, ఈసారి తగిలి తీరుతుంది" అనుకునే పేకాటరాయుడి లెక్క అది. పని ఒకటే, ఫలితాలూ ఒకటే. పగ్గం ఎవరి చేతిలో ఉందన్న ఒక్క మాట మారితే అనుభవం నుంచి నేర్చుకునే తీరే మారిపోయింది. ఈ రంగంలో వచ్చిన వేల పత్రాల మధ్య కూడా ఈ చిన్న ప్రయోగానికి ఉన్న స్పష్టత తగ్గలేదు.

ప్రయోగశాలలో అయితే "ఇది నైపుణ్యం, ఇది అదృష్టం" అని చెప్పొచ్చు. జీవితంలో అలా చెప్పేవాళ్లుండరు. ఎవరి అంచనా వాళ్లది. ఆ అంచనా మనిషి మనిషికీ ఎలా మారుతుందో కొలవడానికి రాటర్ బృందం ఒక ప్రశ్నావళి మీద ఏళ్ల తరబడి పనిచేసింది. మొదట వంద అంశాలు రాశారు. అవి అరవైకి తగ్గాయి. చదువు, మమతలు, సమాజం, రాజకీయం అని వేర్వేరు రంగాలకు వేర్వేరు స్కోర్లు తీయాలన్నది తొలి ఉద్దేశం. అవి ఒకదానికొకటి మరీ దగ్గరగా వస్తున్నాయని ఆ విభజన మానేశారు. మంచివాళ్లుగా కనిపించాలని జనం ఎంచుకునే జవాబుల్ని కూడా ఏరేశారు. చివరికి 1966లో వచ్చిన స్కేల్‌లో 29 జతలు మిగిలాయి. వాటిలో 23 జతలకు మార్కులుంటాయి. మిగతా ఆరూ దేన్ని కొలుస్తున్నారో తెలియకుండా ఉండేందుకు కలిపినవి. ప్రతి జతలో రెండు వాక్యాలు, ఏది ఎక్కువ నిజమనిపిస్తే దాన్ని ఎంచుకోవాలి. బయటి మొగ్గు వాక్యానికి ఒక మార్కు. మొత్తం సున్నా నుంచి 23 దాకా.

ఒక జతను దగ్గరగా చూద్దాం. తెలుగులో దాని సారం ఇది. మొదటి వాక్యం: మనుషుల జీవితాల్లో వచ్చే కష్టాల్లో చాలావాటికి దురదృష్టం కొంతవరకు కారణం. రెండో వాక్యం: మనుషులకు వచ్చే కష్టాలు వాళ్లు చేసిన తప్పుల ఫలితం. మొదటి వాక్యంలో "చాలావాటికి" ఉంది, "కొంతవరకు" ఉంది. రెండోదానిలో అలాంటి సడలింపు ఏదీ లేదు. విధిని పెద్దగా నమ్మని మనిషి కూడా, కాస్త లోకం చూసినవాడైతే, మెత్తగా ఉన్న మొదటి వాక్యమే న్యాయంగా ఉందని దాన్ని ఎంచుకోవచ్చు. అతనికి బయటి మొగ్గు కింద ఒక మార్కు పడుతుంది. పైగా ఇందులో "నేను" లేదు. "మనుషులు" అని ఉంది. ఊళ్లో వరదకు ఇల్లు కొట్టుకుపోయినవాళ్లను తలుచుకుని జవాబిస్తే ఒక రకంగా ఉంటుంది, తన చదువు తలుచుకుని జవాబిస్తే ఇంకో రకంగా ఉంటుంది. ఇంకో జతలో యుద్ధాలు ఎందుకొస్తాయని ఉంటుంది. ప్రజలు రాజకీయాల మీద తగినంత ఆసక్తి చూపకపోవడం వల్లనా, లేక ఎంత ప్రయత్నించినా యుద్ధాలు తప్పవా అని. యుద్ధాల మీద ఒక విద్యార్థి అభిప్రాయాన్నీ, రేపటి పరీక్షకు చదివితే లాభముందా అన్న అతని నమ్మకాన్నీ కలిపి ఒకే అంకెగా కూడటం తేలిగ్గా ఒప్పుకోదగ్గ పని కాదు. 1970లో హెర్బర్ట్ మిరెల్స్ ఈ స్కేల్ జవాబుల్ని గణాంక పద్ధతిలో విడదీసి చూస్తే రెండు గుంపులు తేలాయి. ఒకటి సొంత జీవితం గురించి, రెండోది రాజకీయ, సామాజిక వ్యవస్థ గురించి.

లోపాలున్నా ఆ అంకె పనికిరానిదేమీ కాదు. 1962లో సీమన్, ఎవాన్స్ అనే పరిశోధకులు క్షయ ఆసుపత్రిలో రోగుల్ని పరిశీలించారు. లోపలి మొగ్గు ఉన్న రోగులకు తమ జబ్బు గురించి ఎక్కువ తెలుసు, డాక్టర్లనూ నర్సులనూ వాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడిగేవారు. మరుసటి సంవత్సరం సీమన్ జైలులో ఉన్న యువకుల మీద చేసిన పని ఇంకా ఆసక్తికరం. లోపలి మొగ్గు ఉన్నవాళ్లు పెరోల్ నియమాల గురించి చెప్పిన విషయాలు బాగా గుర్తుపెట్టుకున్నారు. తమకు పనికిరాని ఇతర సమాచారం గుర్తుపెట్టుకోవడంలో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. అంటే తెలివిలో తేడా లేదు. "ఇది తెలిస్తే నేను ఏదైనా చెయ్యగలను" అనిపించినచోట చెవులు రిక్కించారు, అంతే.

1966లోనే అమెరికా ప్రభుత్వం కోసం జేమ్స్ కోల్‌మన్ బృందం విడుదల చేసిన నివేదిక ఈ నమ్మకాన్ని జాతీయ చర్చలోకి తెచ్చింది. సుమారు 6 లక్షల మంది పిల్లల మీద చేసిన ఆ సర్వేలో మూడు చిన్న వాక్యాలు ఉన్నాయి. గెలవడానికి కష్టం కన్నా అదృష్టం ముఖ్యం. ముందుకు వెళ్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటో ఎవరో ఒకరో అడ్డుపడతారు. నాలాంటివాళ్లకు గెలిచే అవకాశం పెద్దగా లేదు. మూడే వాక్యాలు. అయినా నల్లజాతి పిల్లల విషయంలో, బడి భవనాలూ సౌకర్యాలూ వంటి వాటి కన్నా ఈ మూడు జవాబులకే చదువుతో ఎక్కువ సంబంధం కనిపించింది.

ఇక్కడ తొందరపడితే పొరపాటు పడతాం. సంబంధం ఉందంటే నమ్మకం వల్లే చదువు వచ్చిందని అర్థం కాదు. బాగా చదివి మెప్పు పొందిన పిల్లలకు నమ్మకం పెరిగి ఉండొచ్చు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయి ఉండొచ్చు. ఒక్కసారి అడిగిన సర్వే ఆ దిశను చెప్పలేదు. ఇంకో ప్రశ్న కూడా ఉంది, నిజానికి పెద్దది అదే. 1960ల అమెరికాలో ఒక నల్లజాతి అమ్మాయి "ముందుకు వెళ్దామనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డుపడతారు" అంటే, అది ఆమె మనసు బలహీనతా, ఆమె రోజూ చూస్తున్న నిజమా?

ప్యాట్రీషియా గురిన్, ఆమె సహచరులు 1969లో ఈ ముడిని విప్పారు. దక్షిణాది రాష్ట్రాల్లోని నల్లజాతి కాలేజీల విద్యార్థుల జవాబుల్ని తీసుకుని, "నేను" అని మొదలయ్యే వాక్యాల్నీ "జనం" అని మొదలయ్యే వాక్యాల్నీ వేరు చేశారు. మొదటి రకం "నా జీవితంలో నా ప్రయత్నానికి ఫలితం ఉంటుందా" అని అడుగుతుంది. రెండో రకం "లోకంలో గెలుపోటములు ఎలా పంచబడుతున్నాయి" అని అడుగుతుంది. తన విషయంలో లోపలి మొగ్గు ఉన్న విద్యార్థులకు చదువు మీద ఆత్మవిశ్వాసం ఎక్కువ. అక్కడిదాకా పాత కథే. కానీ నల్లజాతి వెనకబాటుకు వాళ్ల సోమరితనం కారణం కాదు, వ్యవస్థలోని వివక్షే కారణం అన్న విద్యార్థులు, పాత స్కేల్ "బయటి మొగ్గు" అని ముద్ర వేసే ఆ విద్యార్థులే, పౌరహక్కుల ఉద్యమంలో ముందుండేవారు. తమవాళ్లు అంతకు ముందు అడుగుపెట్టని ఉద్యోగాల వైపు చూసినవారూ వాళ్లే. తప్పు ఎక్కడుందో సరిగ్గా తెలిసినవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈ రంగంలో ఒక్క పత్రమే చదవాల్సి వస్తే ఇదే చదవాలి.

హానా లెవెన్సన్ 1970ల తొలి ఏళ్లలో ఇంకో చీలిక చూపించింది. "బయట" అంటే అంతా ఒకటే కాదంది. అదృష్టం, విధి ఒక రకం. బలవంతులైన మనుషులు ఇంకో రకం. అదృష్టం మీద ఆధారపడిందనుకుంటే చేసేదేమీ లేదు. పెద్దమనుషుల మీద ఆధారపడిందనుకుంటే వాళ్లెవరో తెలుసుకోవచ్చు, దరఖాస్తు పెట్టొచ్చు, ఎదురు తిరగొచ్చు. ఆమె స్కేల్‌లో 24 వాక్యాలు, లోపలి మొగ్గు, బలవంతులు, అదృష్టం అని మూడు భాగాలు, ఒక్కోదానికి ఎనిమిది వాక్యాలు. రెండింటిలో ఒకటి ఎంచుకొమ్మనకుండా ప్రతి వాక్యంతో ఎంతవరకు ఏకీభవిస్తారని అడుగుతుంది. కాబట్టి ఒకే మనిషికి మూడూ ఎక్కువగా రావొచ్చు, మూడూ తక్కువగా రావొచ్చు. తెలుగువాళ్ల ఆలోచనకు ఈ పద్ధతే దగ్గర. "మన ప్రయత్నం మనం చెయ్యాలి, ఆపైన దైవం" అని నిజాయితీగా నమ్మే మనిషిని ఇదా అదా అని నిలదీస్తే వచ్చే జవాబు అతనిది కాదు. తెలంగాణలో గానీ సీమలో గానీ ఏ రైతునడిగినా దుక్కి దున్నడం తన పనీ, వాన పడటం తన చేతుల్లో లేనిదీ అని ఒకే ఊపిరిలో చెబుతాడు. అందులో తికమక ఏమీ లేదు. అనంతపురంలో వేరుశనగ వేసేవాడికి అది వ్యవసాయ జ్ఞానం.

గెలుపునీ ఓటమినీ విడివిడిగా అడగాలన్న ఆలోచన వర్జీనియా క్రాండల్, ఆమె సహచరులది. 1965లో వాళ్లు బడి పిల్లల కోసం 34 సందర్భాలతో ప్రశ్నావళి తయారుచేశారు. సగం మంచి జరిగినవి, సగం చెడు జరిగినవి. పరీక్ష బాగా రాస్తే బాగా చదవడం వల్లా, పేపరు తేలిగ్గా ఉండటం వల్లా? పాఠం అర్థం కాకపోతే టీచర్ సరిగ్గా చెప్పకపోవడం వల్లా, తను శ్రద్ధగా వినకపోవడం వల్లా? విధి, దేవుడు అని పెద్ద మాటలు లేవు. పిల్లల లోకంలో ఉండే అమ్మానాన్న, టీచరు, తోటి పిల్లలే ఉన్నారు. గెలుపు నాదే అనే పిల్లలందరూ ఓటమీ నాదే అనరని, ఈ రెండు స్కోర్ల మధ్య సంబంధం అంత బలమైనది కాదని అందులో తేలింది. ఒక్క అంకెలో కలిపేస్తే ఈ తేడా మాయమవుతుంది. ఓటమికి మాత్రమే పూర్తి బాధ్యత నెత్తిన వేసుకుని, గెలుపును మాత్రం ఎవరికో ఇచ్చేసే పిల్ల ఒకత్తి ఉంటుంది. సగటు తీస్తే ఆమె మామూలుగా కనిపిస్తుంది. లోపల ఎంత టెన్షన్ మోస్తోందో ఆ సగటు చెప్పదు.

గెలుపు దగ్గర మన ఇళ్లలో ఇంకో చిక్కు. "దేవుడి దయవల్ల సీటొచ్చింది", "మీ ఆశీర్వాదం వల్లే" అంటారు. పక్కింటావిడ అడిగితే "ఏదో, మీ అందరి దయ" అనడం మర్యాద. "నా కష్టం వల్లే వచ్చింది" అంటే పొగరనుకుంటారు, దిష్టి తగులుతుందన్న భయం కూడా ఉంటుంది. సర్వే చేయడానికి వచ్చిన కొత్త మనిషి ముందు ఆ మర్యాద ఇంకా ఎక్కువవుతుంది. ఆ జవాబును బయటి మొగ్గుగా లెక్కేస్తే కొలిచింది వినయాన్ని.

ఇక "ఖర్మ" అనే మాట ఈ స్కేళ్లలో ఏ గడిలోనూ సరిగ్గా కూర్చోదు. ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసేవాళ్లు దాన్ని విధి, అదృష్టం పక్కన పడేస్తారు. కానీ "ఎవరు చేసుకున్న ఖర్మ వాళ్లనుభవించాలి" అనే మాటలో చేసుకున్నది ఆ మనిషే. బయటివాళ్లెవరూ లేరు. అయితే చేసింది ఎప్పుడో, ఇప్పుడు మార్చడానికి వీల్లేదు. బెర్నార్డ్ వైనర్ 1970లలో అభివృద్ధి చేసిన విశ్లేషణ ఇక్కడ సాయపడుతుంది. కారణాన్ని లోపల, బయట అని మాత్రమే చూడకూడదు, అది స్థిరమైనదా మారేదా, మన అదుపులో ఉన్నదా లేనిదా అని కూడా అడగాలంటాడు ఆయన. తెలివితేటలు లోపలివే, కానీ స్థిరమైనవి, అదుపులో లేనివి అని పిల్లలు అనుకుంటారు. కష్టపడటం లోపలిదే, కానీ మారేది, అదుపులో ఉన్నది. ఈ లెక్కన ఖర్మ తెలివితేటల పక్కన చేరుతుంది: నాదే, కానీ నేను మార్చలేనిది. "మావాడికి లెక్కల బుర్ర లేదు" అనే తల్లీ, "నా ఖర్మ" అనే తండ్రీ వేర్వేరు మాటలు అంటున్నట్టు వినిపించినా, పిల్లవాడికి చేరే సందేశం ఒకటే. రాటర్ స్కేల్ మీద మాత్రం ఇద్దరూ చెరో వైపు పడతారు.

ఈ కొలత తెలుగు నేల మీద ఎలా నడిచిందో చెప్పడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2002లో మొదలైన, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం నాలుగు దేశాల్లో పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూస్తోంది: ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశం. మన దేశంలో ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ ప్రాంతాల నుంచి సుమారు 3,000 మంది పిల్లలు. వాళ్లలో వయసులో పెద్దవాళ్ల బృందానికి దాదాపు పన్నెండేళ్లు వచ్చినప్పుడు, వాళ్ల జీవితం మీద వాళ్లకున్న పట్టు గురించి కొన్ని వాక్యాలు చదివి, ఒప్పుకుంటారా లేదా అని అడిగారు. వాటి మూలం రాటర్ ఆలోచనే. సారాంశం ఇలా ఉంటుంది: గట్టిగా ప్రయత్నిస్తే నా పరిస్థితి మెరుగుపరుచుకోగలను. నా సమయం ఎలా గడపాలో ఇంట్లో వేరేవాళ్లే నిర్ణయిస్తారు. నా చదువు, పని గురించి ముందుగా ప్లాన్ వేసుకోవడం ఇష్టం. బాగా చదివితే మంచి ఉద్యోగం వస్తుంది. నేను చేసే పనిలో నాకు వేరే దారి లేదు, ఈ పని చెయ్యాల్సిందే.

రెండోది, ఐదోది వ్యతిరేక వాక్యాలు. వాటికి "అవును" అంటే పట్టు తక్కువ అని లెక్క. రెండో వాక్యాన్ని ఒక పన్నెండేళ్ల తెలుగు అమ్మాయి ముందు పెడితే ఏమంటుంది? ఎప్పుడు చదవాలో, ఎప్పుడు నీళ్లు పట్టాలో, ఎప్పుడు తమ్ముణ్ని ఎత్తుకోవాలో అమ్మ చెబుతుంది. అది ఆమెకు అణచివేతగా తోచకపోవచ్చు, ఇల్లు అంటే అలాగే ఉంటుంది. "అవును" అంటుంది. అక్కడ ఒక మార్కు తగ్గుతుంది. తగ్గిన మార్కు ఆ పిల్ల మనసు గురించి చెబుతోందా, ఆమె ఇంటి తీరు గురించి చెబుతోందా అన్నది ఆ అంకె చూస్తే తెలియదు. అలాగని ఆ సర్వేను కొట్టిపారేయలేం. నాలుగు దేశాల్లోనూ కుటుంబ ఆర్థిక స్థితికీ, పిల్లల ఆత్మగౌరవం, జీవితం మీద పట్టు, చదువు ఆశలు వంటి వాటికీ సంబంధం ఉందని స్టెఫాన్ డెర్కాన్, ప్రమీలా కృష్ణన్ 2009లో చూపించారు. పేదరికం కడుపుతో ఆగదు, "నేను చేయగలను" అన్న చోటుదాకా చేరుతుందని ఇంత మంది పిల్లల లెక్కలతో చూపించడం చిన్న పని కాదు.

తెలుగు నేలతోనే ఇంకో పాత బంధం ఉంది, కొంచెం పక్క దారిలోది. 1964లో హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారస్తుల్ని ఎంచుకుని హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సాధన ప్రేరణ మీద శిక్షణ ఇప్పించాడు. ఆయన కొలిచింది లోకస్ ఆఫ్ కంట్రోల్‌ను కాదు, సాధించాలన్న తపనను. ప్రశ్నలతో కాకుండా, బొమ్మలు చూపించి కథలు చెప్పించి కొలిచేవాడు. శిక్షణ పొందినవాళ్లు ఆ తర్వాత వ్యాపారంలో ఎక్కువ చురుగ్గా కనిపించారు. మన చర్చకు పనికొచ్చే విషయం ఏమిటంటే, ఆ తేడా ముఖ్యంగా తమ వ్యాపారంలో నిర్ణయాలు తామే తీసుకునే స్థానంలో ఉన్నవాళ్లలో కనిపించింది. గల్లాపెట్టె తాళం నాన్న దగ్గరో అన్న దగ్గరో ఉన్నవాడికి తపన ఎంత నేర్పించినా దాన్ని పెట్టుబడిగా మార్చే చోటు ఉండాలి కదా.

అందుకే ఇప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల క్విజ్ పెట్టి "మీరు లోపలి మనిషా, బయటి మనిషా" అని ముద్ర వేసే పద్ధతిని చూస్తే బాధ కలుగుతుంది. రాటర్ స్వయంగా 1975లో ఇలాంటి అపోహల మీద ఒక పత్రం రాశాడు. ఇది మనుషుల్ని రెండు జాతులుగా చీల్చే గీత కాదన్నాడు. లోపలివాళ్లు మంచివాళ్లు, బయటివాళ్లు చెడ్డవాళ్లు అనే లెక్క తప్పన్నాడు. ఈ సాధారణ నమ్మకం ప్రభావం కొత్త, అస్పష్టమైన పరిస్థితుల్లో ఎక్కువగా ఉంటుందనీ, బాగా అలవాటైన పరిస్థితిలో మనిషి ఆ పరిస్థితి నేర్పిన అనుభవంతోనే నడుస్తాడనీ చెప్పాడు. ఆ మాట శిక్షణ తరగతుల్లో పెద్దగా వినిపించదు. కాలం కూడా స్కోరును కదిలిస్తుంది. జీన్ ట్వెంగీ, సహచరులు 2004లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, 2002 నాటి సగటు అమెరికన్ కాలేజీ విద్యార్థి స్కోరు 1960ల తొలినాళ్ల విద్యార్థుల్లో 80 శాతం మంది కన్నా బయటి వైపు ఉంది. నలభై ఏళ్లలో పిల్లల బద్ధకం అంత పెరిగిందనడం కన్నా, వాళ్లు చూస్తున్న లోకం మారిందేమో అని ముందుగా అడగడం న్యాయం.

మరి తెలుగులో ఇలాంటి కొలత కొత్తగా తయారుచేయాలంటే ఎలా ఉండాలి? "జీవితం", "మనుషులు", "అదృష్టం" వంటి పెద్ద మాటల కన్నా చిన్న, చూడగలిగే సందర్భాలు మేలు. "విజయం కష్టం మీద ఆధారపడుతుందని ఒప్పుకుంటారా?" అని అడిగితే అందరూ అవునండి అంటారు. అది బడి గోడ మీద రాసి ఉన్న మాట. దాని బదులు "పోయిన యూనిట్ టెస్ట్‌లో లెక్కల్లో మార్కులు తగ్గాయి. వచ్చే టెస్ట్‌కి నువ్వు మార్చగలిగింది ఏమైనా ఉందా? ఉంటే ఏమిటి?" అని అడగొచ్చు. "ట్యూషన్‌కి వెళ్తా" అనే పిల్లకూ, "సాయంత్రం పనికి వెళ్లాలి, చదవడానికి టైం ఉండదు" అనే పిల్లకూ ఒకే మార్కు వేయడం ఎంత అన్యాయమో అప్పుడు కాగితం మీదే కనిపిస్తుంది. గెలుపు గురించి ఒకసారి, ఓటమి గురించి ఒకసారి. నీ గురించి ఒకసారి, నీలాంటివాళ్ల గురించి ఒకసారి. మొదట కొందరు పిల్లల దగ్గర కూర్చుని, ప్రశ్న విని వాళ్లకు ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోవాలి. శ్రీకాకుళం పిల్లకూ మహబూబ్‌నగర్ పిల్లకూ "పట్టు" అన్న మాట ఒకేలా వినిపించకపోవచ్చు.

మహబూబ్‌నగర్ పత్తి విత్తన చేలల్లో పూలకు పుప్పొడి అద్దే పనికి ఆడపిల్లలు బడి మానేసి వెళ్లిన సంగతి అక్కడివాళ్లకు తెలిసిందే. అలాంటి చేనుకు వెళ్లే పిల్ల ముందు ఆ ఐదో వాక్యం చదివారనుకోండి: నేను చేసే పనిలో నాకు వేరే దారి లేదు. ఆమె "అవును" అంటుంది. సర్వేకు వచ్చినవాళ్లు ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి ఆరో ప్రశ్నకు వెళ్లిపోవచ్చు. కలం ఆపి "ఎందుకమ్మా?" అని కూడా అడగొచ్చు. అప్పుడు ఆమె నాన్న తీసుకున్న అడ్వాన్సు ఎంతో, అది తీరడానికి ఇంకెన్ని రోజులు చేనుకు వెళ్లాలో చెబుతుంది. ఆ రెండు అంకెలు రాసుకోవడానికి ఫారంలో చోటు ఉండాలి.